మొదటి అరగంట: ఒక హైదరాబాదు గల్లీలో సిక్కులు, ముస్లింలు

మతాల మధ్య తగాదాల్లో మధ్యవర్తిగా పనిచేసే నా దగ్గరికి ఈ కేసు 2015 రంజాన్ నెలలో వచ్చింది. కిషన్‌బాగ్‌కి పెద్ద దూరం లేని ఒక బస్తీ. దాని పేరు రాయడం లేదు, మనుషుల పేర్లూ రాయడం లేదు. వాళ్ళు ఇంకా అదే గల్లీలో ఒకరి గుమ్మం ముందు నుంచి ఒకరు నడవాలి. గల్లీ మొదట్లో చిన్న గురుద్వారా, చివర్లో మసీదు. మధ్యలో పంక్చర్ షాపు, పాల బూతు, రెండు కిరాణా కొట్లు, ఆటోలు పెట్టుకునే ఖాళీ జాగా.

జరిగింది చూస్తే చిన్నదే. ఒక సిక్కు కుటుంబం గురుద్వారాలో అఖండ్ పాఠ్, అంటే ఆగకుండా సాగే గ్రంథ పారాయణం, మైకు పెట్టి చేయించింది. ఆ రాత్రే మసీదులో తరావీ, అంటే రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజు, నడుస్తోంది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు మసీదు వైపు నుంచి వచ్చి "బంద్ కరో" అన్నాడు. గురుద్వారా గుమ్మంలో నిలబడ్డ ఇంకో కుర్రాడు వాణ్ణి నెట్టాడు. ఎవరిదో రాయి ఒక ఆటో అద్దానికి తగిలింది. ఇరవై నిమిషాల్లో గల్లీ రెండు కొసలా జనం నిండిపోయారు. పోలీసులు వచ్చి చెదరగొట్టారు. ఎవరికీ గాయాలు కాలేదు.

అద్దం పగిలితే ఇంతమంది ఎందుకు చేరారన్నదే నన్ను పిలిచినవాళ్ళ ప్రశ్న. జవాబు అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు. అంతకు ఏడాది ముందు, 2014 మే 14న, కిషన్‌బాగ్ సిఖ్ ఛావనీ దగ్గర సిక్కుల పవిత్ర ధ్వజం నిశాన్ సాహిబ్‌కు నిప్పు పెట్టారన్న మాటతో గొడవ మొదలైంది. అది రాళ్ళకూ కత్తులకూ పాకింది. చివరికి బీఎస్ఎఫ్ కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. కర్ఫ్యూ పెట్టారు. అప్పుడు రాష్ట్రం రాష్ట్రపతి పాలనలో ఉంది, రెండు రోజుల్లో ఓట్ల లెక్కింపు. ఆ ఎన్నికల హడావిడిలో, తర్వాత తెలంగాణ ఏర్పాటు సంబరంలో, ఆ మూడు చావుల గురించి నగరం తొందరగా మాట్లాడటం మానేసింది. ఆ గల్లీలవాళ్ళు మానలేదు. మా బస్తీలోనూ ఆ రోజు తలుపులు వేసుకుని కూర్చున్న పిల్లలు ఏడాది పెద్దవాళ్ళయ్యారు, అంతే.

ఎవరీ మనుషులు

హైదరాబాదు సిక్కులు నిన్నా మొన్నా పంజాబు నుంచి వచ్చినవాళ్ళు అనుకునే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. 1830లలో మహారాజా రంజిత్ సింగ్ నిజాం కొలువుకి పంపిన ఫౌజు వారసులు వీళ్ళు. లాహోరీ ఫౌజు అనేవారు దాన్ని. పంజాబీ ఖత్రీ వంశస్థుడు చందూలాల్ నిజాం దర్బారులో చక్రం తిప్పుతున్న రోజులవి. ముస్లిం పాలకుడి రాజ్యాన్ని కాపాడటానికి సిక్కు రాజు పంపిన సైనికులు ఇక్కడే దిగబడి, ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని దక్కనీ సిక్కులయ్యారు. ఇంట్లో పంజాబీ కొంచెమే, బయట దక్కనీ, బజారులో తెలుగు. మా గల్లీలో కళ్ళు మూసుకుని వింటే "హౌ", "నక్కో" అంటున్నది సర్దార్‌జీయో సాయిబో పోల్చుకోలేం.

అంటే ఇక్కడ అపరిచితుల్ని పరిచయం చేసే పని లేదు. ఇది తెలియడానికి నాకు నెల పట్టింది, అదీ ఒక తప్పు చేశాక.

నా తప్పు

మొదటి ఉమ్మడి సమావేశం ఒక స్కూలు గదిలో పెట్టాను. అటు పదిమంది, ఇటు పదిమంది. మొదలెడుతూనే మలేర్‌కోట్ల కథ చెప్పాను. అది పంజాబులో ఒక ఊరు. ఈ రెండు మతాల స్నేహం మీద పనిచేసేవాళ్ళెవరైనా ముందు చెప్పేది అదే.

కథ గొప్పది. 1704–05 చలికాలంలో సర్‌హింద్ ఫౌజ్‌దారు వజీర్ ఖాన్, గురు గోబింద్ సింగ్ చిన్నకొడుకులు జోరావర్ సింగ్, ఫతే సింగ్‌లను సజీవంగా గోడలో పెట్టి కట్టించమన్నాడు. ఇద్దరికీ పదేళ్ళు నిండలేదు. ఆ దర్బారులోనే ఉన్న మలేర్‌కోట్ల నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ అడ్డుచెప్పాడు. గురువు మీద అతనికీ పగ ఉంది. అయినా తండ్రితో యుద్ధానికి పసివాళ్ళ మీద కసి తీర్చుకోవడం ఇస్లాం కాదన్నాడు. పిల్లల్ని కాపాడలేకపోయాడు. కానీ సిక్కులు ఆ మాటను మూడు వందల ఏళ్ళు గుండెల్లో పెట్టుకున్నారు. 1710లో సర్‌హింద్‌ను పట్టిన సిక్కు సేనాని బందా సింగ్ బహదూర్ మలేర్‌కోట్ల జోలికి పోలేదు. 1947లో పంజాబు తగలబడుతుంటే చుట్టుపక్కల ముస్లింలు ఆ ఊరికి పారిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు. నవాబు గొంతెత్తినందుకు గుర్తుగా "హా దా నారా" పేరుతో అక్కడ గురుద్వారాయే ఉంది.

చెప్పడం అయ్యేసరికి ఒక పెద్ద సర్దార్‌జీ కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు సంతోషం వేసింది. అప్పుడు వెనక వరసలోని సెల్‌ఫోన్ షాపు అబ్బాయి లేచాడు. "ఆపా, అంటే మేం ఎప్పుడూ ఆ ఒక్క నవాబు పేరు చెప్పుకునే మంచివాళ్ళం కావాలా? ఆయన అడ్డుచెప్పకపోయి ఉంటే మాకు ఇక్కడ కుర్చీ లేదా?" అన్నాడు. ఇంకా ఆ మాట గాలిలో ఉండగానే అటువైపు నుంచి ఒక కాలేజీ కుర్రాడు, "దీదీ, నవాబు గురించి చెప్పారు. గోడ కట్టించినవాడి గురించి ఒక్క వాక్యంలో దాటేశారు" అన్నాడు.

ఇద్దరిదీ న్యాయమే. ఆ కథలో ఒక ముస్లిం గొంతెత్తాడన్నది ఎంత నిజమో, గోడ కట్టమన్నవాడూ ముస్లిం పాలకుడేనన్నది అంతే నిజం. పచ్చిపుండు ఉన్నవాళ్ళకి అది చెబితే ఒకడికి అప్పుపత్రంలా, ఇంకొకడికి గాయం రేపినట్టూ వినిపిస్తుంది. మలేర్‌కోట్ల నడిచిన దారి కూడా నున్నటిది కాదు. గోవధ మీది కోపంతో 1872లో సిక్కుల్లో ఒక శాఖ అయిన కూకాలు ఆ ఊరి మీద దాడి చేశారు, బ్రిటిష్ అధికారులు 60 మందికి పైగా కూకాల్ని ఫిరంగులకు కట్టి పేల్చారు. 2016లో ఖురాన్ పుటలు చింపి పడేసిన ఘటనతో మళ్ళీ ఉద్రిక్తత రేగింది. ఆ ఊరు నిలబడటానికి కారణం మూడు శతాబ్దాల కిందటి మాట ఒక్కటే కాదని నా నమ్మకం. ఊళ్ళో ముస్లిం రైతు పండించిన కూరగాయలు, చుట్టూ పల్లెల్లో సిక్కు రైతు సంసారాలు ఒకే మండీ మీద ఆధారపడ్డాయి. మాటను గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం రోజూ ఉంది.

ఆ సమావేశం టీ తాగకుండానే ముగిసింది. టీలోనూ తప్పు చేశాను. పక్క ఇరానీ హోటల్లో ఏర్పాటు చేశాను. అక్కడ సిగరెట్ పొగ. పొగాకు సిక్కులకు నిషిద్ధం. ముగ్గురు పెద్దలు గుమ్మం దగ్గరే ఆగి, ఏమీ అనకుండా ఇళ్ళకు వెళ్ళారు.

ఆ రాత్రి నిమిషాలు

తర్వాత రెండు నెలలు సమావేశాలు మానేసి ఇళ్ళు తిరిగాను. అందర్నీ ఒకటే అడిగాను: ఆ రాత్రి మీరెక్కడున్నారు, ముందు ఎవరు చెప్పారు, తర్వాత ఎవరికి చెప్పారు? చార్టు కాగితం మీద ఐదేసి నిమిషాలకు ఒక గడి గీసి నింపుతూ పోయాను.

కాగితం నిండేసరికి రెండు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది: మైకు గురించి చెప్పడానికి వచ్చిన కుర్రాడు తరావీ చదివిస్తున్న హాఫిజ్ సాబ్ తమ్ముడు. హాఫిజ్ అంటే ఖురాన్ కంఠస్థం చేసినవాడు. ఖురాన్ మొత్తం చూడకుండా, రోజుకి కొంత చొప్పున, ఆ నెలలో పూర్తి చేయాలి. బయట మోత ఉంటే ఆయత్, అంటే ఖురాన్ వాక్యం, తప్పుతుంది. అన్న తడబడటం విని వాడు పరిగెత్తుకొచ్చాడు. "ఆవాజ్ తగ్గించండి" అనబోయి "బంద్ కరో" అన్నాడు. ఇక గురుద్వారాలో నడుస్తున్నది అఖండ్ పాఠ్. గురు గ్రంథ్ సాహిబ్ 1430 పుటలూ 48 గంటల్లో, ఎక్కడా ఆగకుండా చదవాలి. పాఠీలు వంతులవారీగా మారతారు తప్ప పఠనం ఆగదు. ఆపితే భంగమైనట్టే. గుమ్మంలో ఉన్న అబ్బాయికి వినపడింది ఒక్కటే, ఆపేయమని. ఆ ఇంట్లో ఎవరో పోయిన సంవత్సరీకానికి పెట్టించిన పాఠ్ అది.

రెండు కొసలా రెండు గొంతులు, ఒక్కోటీ తన గ్రంథాన్ని మొదలు నుంచి చివరిదాకా తప్పు పోకుండా చదవాలని తాపత్రయపడుతున్న రాత్రి అది. ఈ సంగతి నేను చెప్పలేదు. గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీజీనీ హాఫిజ్ సాబ్‌నీ మా ఇంట్లో కూర్చోబెట్టి ఒకరి పని ఒకరికి చెప్పమన్నాను. తరావీలో తన వెనక సామే అని ఇంకో హాఫిజ్ నిలబడి తప్పు దొర్లితే అందిస్తాడని హాఫిజ్ సాబ్ అంటే, గ్రంథీజీ తాను రాత్రి రెండు గంటల వంతులో నిద్ర ఎలా ఆపుకుంటాడో చెప్పారు. బాబా ఫరీద్ శ్లోకాలు 112 గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉన్నాయని గ్రంథీజీ అన్నప్పుడు హాఫిజ్ సాబ్ మళ్ళీ అడిగారు, ఏ ఫరీద్ అని. పాక్‌పట్టణ్ ఫరీద్, ముస్లిం సూఫీ. ఆయనకు అది అప్పటిదాకా తెలియదు. చాలాసేపు మౌనంగా కూర్చున్నారు.

రెండో సంగతి పనికి ఎక్కువ ఉపయోగపడింది. ఆ ఇరవై నిమిషాల్లో చేసుకున్న ఫోన్లలో ఒక్కటి కూడా గీత దాటలేదు. ముస్లింలు ముస్లింలకు చేసుకున్నారు, సిక్కులు సిక్కులకు. పోనీ నంబర్లు లేవా? ఉన్నాయి. పంక్చర్ భాయ్, దూద్‌వాలా, ఆటో సర్దార్, టైలర్ ఖాలా. రోజూ ఫోన్ చేసుకునేవాళ్ళే. ఆ రాత్రి వాళ్ళలో ఒక్కరికీ చేయాలని తోచలేదు. స్నేహం లేక కాదు. ఇలాంటి వేళ ఆ స్నేహాన్ని వాడుకోవచ్చని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

పోలీసుల పీస్ కమిటీలు ఉన్నాయిగా అనొచ్చు. వాటిలో ఉండేది పెద్దమనుషులు. వాళ్ళు వచ్చేది గొడవయ్యాక, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని. నాకు కావలసింది మొదటి అరగంటలో ఫోన్ ఎత్తే మనిషి.

జోడీలు

ఎనిమిది జోడీలు కట్టాం. ఒక్కో జోడీలో అటొకరు, ఇటొకరు. ఎంపికకు ఒకటే నియమం పెట్టాను: ఇద్దరి మధ్యా అప్పటికే ఏదో ఒక లావాదేవీ ఉండాలి. పంక్చర్ షాపు భాయ్‌కి ఆటో సర్దార్‌జీ. టైలర్ ఖాలాకి, ఆమె దగ్గర కూతుళ్ళ సల్వార్లు కుట్టించుకునే బీబీజీ. హాఫిజ్ సాబ్‌కి గ్రంథీజీ. సెల్‌ఫోన్ షాపు అబ్బాయికి, సమావేశంలో నన్ను నిలదీసిన ఆ కాలేజీ కుర్రాడు. వాళ్ళిద్దరికీ మాత్రం ముందు లావాదేవీ లేదు, నా మీది కోపమే లావాదేవీ అనుకున్నాను.

ఏదైనా వినపడితే మనవాళ్ళకి చెప్పేముందు జోడీకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి. ఏం చూశావు? నువ్వే చూశావా, ఎవరైనా చెప్పారా? ఇప్పుడక్కడ ఎవరున్నారు? నిజమైతే ఇద్దరూ కలిసి అక్కడికి వెళ్ళాలి, విడివిడిగా వెళ్ళకూడదు. మూడు నెలలకోసారి ఉత్తుత్తి పుకారు ఒకటి పుట్టించి ఎంతసేపట్లో ఫోన్ గీత దాటుతుందో చూసేవాళ్ళం. మొదట్లో సిగ్గుపడేవారు. తర్వాత ఆడవాళ్ళ జోడీలే అందరికన్నా ముందు. గల్లీలో ఏ సంగతైనా కుళాయి దగ్గరే తెలుస్తుంది, మసీదు వాకిట్లోనో గురుద్వారా వాకిట్లోనో కాదు. ఇది ముందే గ్రహించి ఉంటే మొదటి సమావేశానికి అందరూ మగవాళ్ళనే పిలిచేదాన్ని కాదు.

ఫోను కాక ఇంకో పని కావలసి వచ్చింది. ఎదుటివాడికి ఏది నొప్పో తెలియాలి. నిశాన్ సాహిబ్ ముస్లిం పిల్లలకు ఒక కాషాయ జెండా, అంతే. దాని ధ్వజస్తంభానికి చుట్టే వస్త్రాన్ని చోలా అంటారనీ, వైశాఖీకి స్తంభాన్ని పాలతో కడిగి కొత్త చోలా వేస్తారనీ, అది నేలకు తగిలితేనే పెద్దవాళ్ళు విలవిల్లాడతారనీ బీబీజీ చెప్పారు. టైలర్ ఖాలాకి చప్పున అర్థమైంది. "మా మొహర్రం ఆలమ్‌కి ధట్టీ కట్టినట్టు" అంది. పీర్ల పండగ చూసిన తెలుగువాళ్ళకీ అర్థమవుతుంది. కానీ గదిలో ఇద్దరు కుర్రాళ్ళు ఆలమ్‌లను ఒప్పుకోనివాళ్ళు, మొహాలు ముడుచుకున్నారు. ఒక మతాన్ని ఇంకో మతంతో పోల్చి చెప్పడంలో ఈ ఇబ్బంది ఎప్పుడూ ఉంటుంది. అందుకని వాళ్ళకి పోలిక లేకుండా చెప్పాం: ఇది వాళ్ళకి ప్రాణం, కారణం నీకు నచ్చక్కర్లేదు, తెలిస్తే చాలు.

తిండి సంగతీ అంతే. ప్రేమగా బిర్యానీ పంపితే అమృతధారి సిక్కులు, అంటే దీక్ష తీసుకున్నవాళ్ళు, ముట్టరు. హలాల్ చేసిన మాంసం వాళ్ళ నియమావళి రహిత్ మర్యాదలో కుఠా, నిషిద్ధం. తెలియక పంపినవాళ్ళు అవమానం అనుకున్నారు. గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనం లంగర్‌లో ఈ చిక్కు లేదు. పప్పూ రొట్టె, నేల మీద పంక్తి, ఎవరైనా కూర్చోవచ్చు. అలా ఇఫ్తార్‌కి ఖర్జూరాలూ పండ్లూ గురుద్వారా నుంచి వచ్చేవి, గురువుల పండగ గురుపురబ్ లంగర్‌కి ఉల్లిపాయలు కోసేందుకు ఖాలావాళ్ళు వెళ్ళేవారు.

ఒకసారి అందర్నీ ఒక బస్సులో బీదర్ తీసుకెళ్ళాను. అంత దూరం పోయి మలేర్‌కోట్ల చూపించలేను కదా. అక్కడి గురుద్వారా ఝీరా సాహిబ్‌లో పొద్దున లంగర్. అక్కడి ఊట గురు నానక్ కాలు తగిలిన చోట పుట్టిందనీ, తాగడానికి మంచినీళ్ళు లేక ఫకీర్లు అడిగితే పుట్టిందనీ నమ్మకం. మధ్యాహ్నం అష్టూర్‌లో బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ సమాధి. అక్కడి ఉర్సు ఉత్సవానికి లింగాయతులు కూడా కదిలివస్తారు. నేనేమీ ఉపన్యాసం ఇవ్వలేదు. తిరుగు ప్రయాణంలో పిల్లలు ఎవరి ఒళ్ళో నిద్రపోయారో చూసుకోకుండా నిద్రపోయారు.

విరిగిన చోటు

2017లో జోడీలన్నీ మూగబోయాయి. ఒక సిక్కు అమ్మాయి, ఒక ముస్లిం అబ్బాయి ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు. ఇద్దరూ మేజర్లు. ఈ పనిలో ఇంతకన్నా కష్టమైన సందర్భం నేను చూడలేదు. జెండా గురించి, మైకు గురించి రాజీ కుదురుతుంది. కూతురి గురించి ఏం రాజీ?

అమ్మాయిని వెనక్కి తెప్పించమని ఒక జోడీలోని సర్దార్‌జీ నన్ను బతిమాలారు. చేయనన్నాను. మేజర్ అయిన పిల్ల నిర్ణయం ఆమెది. మతం మారకుండా పెళ్ళి చేసుకోవాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, 30 రోజుల నోటీసు ఉంటుంది, అది ఇద్దరికీ చెప్పిస్తానన్నాను. ముస్లిం పెద్దల దగ్గరికి వెళ్ళి, దీన్ని ఎవరూ గెలుపుగా మాట్లాడకూడదని, అబ్బాయి ఇంటి ముందు పటాకి పేలినా నేను ఈ పని వదిలేస్తాననీ చెప్పాను. వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. ఇది రెండు ఇళ్ళ వ్యవహారంగానే ఉండిపోయింది, రెండు కౌమ్‌ల, అంటే రెండు సమాజాల, వ్యవహారం కాలేదు. కానీ ఆ సర్దార్‌జీ మళ్ళీ మా గడప తొక్కలేదు. నేను చేసింది సరైనదేననుకుంటాను. ఆయన బాధ కూడా సరైనదే.

నవంబరు 2019

ఆ ఏడు క్యాలెండరు చూడగానే భయం వేసింది. నవంబరు 10 ప్రవక్త జయంతి మిలాద్ ఊరేగింపు, 12 కార్తీక పున్నమి, గురు నానక్ 550వ జయంతి. అంతలో నవంబరు 9న అయోధ్య తీర్పు అని ప్రకటన. అదే రోజు, పాకిస్తాన్‌లోని గురుద్వారాకు సిక్కు యాత్రికులు వెళ్ళే దారి, కర్తార్‌పూర్ కారిడార్ తెరుస్తున్నారు. ఒకే పగలు ఒక సమాజం గుండె చిక్కబట్టుకుని టీవీ ముందు, ఇంకో సమాజం ఆనందబాష్పాలతో టీవీ ముందు. ఒకే గల్లీలో.

ఆ వారానికి మా దగ్గర ఉమ్మడి క్యాలెండరు సిద్ధంగా ఉంది. ముస్లిం పండగలు ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తాయి కాబట్టి రెండు మతాల తేదీలూ ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించేవాళ్ళం. తీర్పు రోజు గురుద్వారాలో కర్తార్‌పూర్ మిఠాయిలు పంచాలా వద్దా అని కాలేజీ కుర్రాడు సెల్‌ఫోన్ షాపు అబ్బాయికి ఫోన్ చేశాడు. పంచు, కానీ గల్లీలో కాదు, లోపల పంచు, పటాకులు వద్దు, సంబరం దేనికో జనం తప్పుగా అనుకుంటారు అన్నాడు ఇతను. అలాగే చేశారు. మిలాద్ రోజు కొసదాకా నీళ్ళ ప్యాకెట్లు అందించింది కేసరి పగ్డీలవాళ్ళు. ఆ వారం అరగంట దాటిన పుకారు ఒక్కటీ లేదు.

2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వాన. పల్లంలో ఉన్న గురుద్వారాలోకి నీళ్ళు వస్తున్నాయి. బీబీజీ ఖాలాకి ఫోన్ చేసింది, మనుషుల కోసం కాదు, గురు గ్రంథ్ సాహిబ్ కోసం. ఖాలా ఏమీ ఆలోచించలేదు. "మా మేడ మీది గది కడిగిస్తున్నాను. అందులో గోష్త్ వండలేదు, సిగరెట్ తాగేవాళ్ళు ఎవరూ లేరు. తీసుకురండి" అంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో, తల మీద రుమాలా కప్పి, గ్రంథీజీ గ్రంథాన్ని నెత్తిన పెట్టుకుని నడిచారు. ముందు టార్చిలైట్ పట్టింది హాఫిజ్ సాబ్ తమ్ముడు, అయిదేళ్ళ కిందట "బంద్ కరో" అన్నవాడు.

ఇప్పుడు ఎనిమిది జోడీల్లో ఆరే పనిచేస్తున్నాయి. పంక్చర్ భాయ్ పోయాడు, ఇంకొకరు ఇల్లు మారారు. గురుద్వారా వెనక ప్రహరీ, మసీదు కాలవ నీళ్ళ తగాదా ఇంకా తేలలేదు, కాగితాలు మున్సిపాలిటీలో ఉన్నాయి. కొత్తగా వచ్చిన కిరాయిదారులెవరికీ ఈ జోడీల సంగతి తెలియదు. వచ్చే ఆదివారం ఆటో సర్దార్‌జీ, ఖాలా కలిసి వాళ్ళ ఇళ్ళకు వెళుతున్నారు.